ఆదివారం బిగుసుకునే కారు

వేమూరు దాటినా కాలవ మీద మంచు ఇంకా విడలేదు. హైమావతి కారు అద్దం దించి చలిగాలికి మొహం అప్పగించింది. పెళ్ళయి ఇంకా కొత్త. మొగుడి పక్కన, ముందు సీట్లో, మధ్యన ఎవరూ లేకుండా కూర్చోవడమే ఆమెకి పండగలా ఉంది. ఒళ్ళో జంతికల డబ్బా. ఒకటి తను కొరకడం, ఇంకోటి స్టీరింగు వదలలేని మొగుడి నోటి దాకా తీసుకెళ్ళి చటుక్కున వెనక్కి లాక్కోవడం. తెనాలిలో బయల్దేరిన దగ్గర్నుంచీ ఇదే ఆట.

"హైమా, రోడ్డు చూడనీ," అన్నాడు సుబ్రహ్మణ్యం. అతను కాలేజీలో లెక్కలు చెప్తాడు. కారు నడపడం కూడా లెక్క చేసినట్టే, ఒక మెట్టు తర్వాత ఒక మెట్టు.

"చూడండి. నేనేమన్నా కళ్ళు మూశానా?"

ముందు ఒక గడ్డిబండి పోతోంది. దాన్ని దాటదామని సుబ్రహ్మణ్యం ఆక్సిలరేటర్ తొక్కాడు. అది కదల్లేదు. ఇంకాస్త గట్టిగా తొక్కాడు. మొరాయించి మొరాయించి ఒక్కసారిగా లోపలికి దిగిపోయింది. కారు ముందుకు దూకింది. ఇంజను హోరెత్తింది.

"కాలు తీయండి, కాలు తీయండి!"

"తీశానే! అదే పైకి రావట్లేదు!"

అతను తాళం చెవి తిప్పేసి, బ్రేకు మీద నిలబడినంత పని చేశాడు. కారు మూతి మెత్తగా గడ్డిలోకి దూరి ఆగింది. బండివాడు దిగివచ్చి, తన గడ్డినీ, కారునీ, ఈ దంపతులనీ వరసగా చూశాడు.

"ఏంటి బాబూ, మా ఎడ్లకని తీసుకెళ్తంటే మీ కారుకి ఆకలేసిందా?"

హైమావతికి నవ్వాగలేదు. జడ నిండా గడ్డిపోచలు. సుబ్రహ్మణ్యం మాత్రం నవ్వలేదు. బండిలో గడ్డి కాకుండా మనుషులుంటే ఏమయ్యేదో అతను అప్పటికే ఆలోచించేశాడు.

పెడలు కింద చాప మడత పడిందేమోనని చూశాడు. లేదు. కింద పడుకుని స్ప్రింగు లాగి చూశాడు. బాగానే ఉంది. "చలికి బిగుసుకుందేమో," అని గొణిగి, నెమ్మదిగా రేపల్లె దాకా నడిపి, పిన్నిగారింట్లో భోంచేసి, అంతకన్నా నెమ్మదిగా తిరిగి తీసుకొచ్చాడు.

మర్నాడు డ్రైవరు లూకా కారు తీశాడు. సాయంత్రం హైమావతి వాకిట్లోకి వెళ్ళి అడిగింది.

"ఆక్సిలరేటర్ ఎలా ఉంది లూకా?"

"వెన్నలాగుందండి చినమ్మగారూ. ఏం, ఏమన్నా అయ్యిందా?"

"ఏం లేదులే," అంది. తప్పు మొగుడి కాలిదేనని మనసులో తేల్చుకుని, ఆ రాత్రి అతన్ని కాసేపు ఏడిపించింది కూడా.

ఆ కారు మామగారు వేంకటరాఘవయ్యగారిది. నల్లటి పాత కారు. ఎప్పుడో ఒక పెద్ద వ్యాజ్యం గెలిచిన ఉత్సాహంలో కొన్నారు. ఆయన తెనాలిలో పేరున్న ప్లీడరు. పులుసులో ఉప్పెక్కువైనా ఆ ఇంట్లో విచారణ జరుగుతుంది. ప్రశ్నలడిగేది ఆయనొక్కరే. మిగతా అందరూ సాక్షులు. కారు ఇంటికొచ్చిన నాటి నుంచీ లూకాయే దాన్ని నడుపుతున్నాడు. ఆదివారం అతను ప్రార్థనకి వెళ్తాడు. ఆ ఒక్క రోజే కారు కొత్త దంపతుల చేతికొస్తుంది.

తరవాతి ఆదివారం వాళ్ళు బాపట్ల బయల్దేరారు, హైమావతి పుట్టింటికి. పొన్నూరు రాకుండానే పెడలు మళ్ళీ బిగుసుకుంది. ఈసారి సుబ్రహ్మణ్యం తొందరపడలేదు. పీకుతూ, తొక్కుతూ, ఎలాగో బాపట్ల చేర్చి, మావగారి పెరట్లో చొక్కా విప్పి బానెట్ ఎత్తాడు. హైమావతి ఇంట్లోకి వెళ్ళి అమ్మని పలకరించి, మళ్ళీ పెరట్లోకి పరిగెత్తుకొచ్చింది. ఆమె కూడా బి.ఎస్సీ. చదివింది. రసాయనశాస్త్రం ప్రయోగశాలలో గాజుగొట్టాల మధ్య గడిపిన రోజులు గుర్తొచ్చి, ఇంజను చూడగానే చేతులు ఊరుకోలేదు.

"ఇది ఇదిగో, పెడలు నుంచి వచ్చే కడ్డీ," అని చూపించాడు సుబ్రహ్మణ్యం. "ఇది కార్బురేటర్ దగ్గర ఈ చిన్న చేతికి తగులుకుంటుంది. ఆ చెయ్యి తిరిగితే లోపల ఒక ఇత్తడి బిళ్ళ తిరుగుతుంది. బిళ్ళ తెరుచుకుంటే గాలి, పెట్రోలు ఇంజనులోకి పోతాయి. మూసుకుంటే ఇంజను నెమ్మదిస్తుంది."

హైమావతి తొంగి చూసింది. ఇరుసు మీద అటూ ఇటూ వాలే సన్నటి బిళ్ళ. "అబ్బ, సీతాకోకచిలుక రెక్కలా ఉందండీ!"

"ఆ రెక్కే మనల్ని గడ్డిలోకి తోసింది. ఉండు, తప్పు ఏ వైపుందో తేలుద్దాం." అతను కడ్డీని కార్బురేటర్ దగ్గర ఊడదీశాడు. "ఇప్పుడెళ్ళి పెడలు తొక్కు."

ఆమె డ్రైవరు సీట్లో కూర్చుంది. స్టీరింగు పట్టుకుని, ఒక్క క్షణం ఎందుకొచ్చిందో మరిచిపోయి, అద్దంలో బొట్టు సరిచూసుకుంది. తరవాత తొక్కింది. పెడలు హాయిగా దిగి హాయిగా పైకొచ్చింది.

"ఊఁ, తేలిగ్గా ఉందండీ!"

"అయితే పెడలు నిర్దోషి. కడ్డీ నిర్దోషి." సుబ్రహ్మణ్యం కార్బురేటర్ చేతిని వేళ్ళతో తిప్పబోయాడు. తిరగలేదు. బలం పెడితే పట్టు వదిలి టక్కున తిరిగింది. మళ్ళీ వెనక్కి రాలేదు. "ఇదిగో, ఇక్కడుంది రోగం."

ఇరుసు లోపలికి పోయే చోట గోధుమరంగు బంక పేరుకుని ఉంది. రోడ్డు దుమ్ము దాని మీద అట్టకట్టింది. గోటితో గీకితే తుమ్మజిగురులా సాగింది. హైమావతి వాసన చూసింది. పెట్రోలు ఘాటు తప్ప ఇంకేమీ తెలియలేదు. సుబ్రహ్మణ్యం పెట్రోలులో గుడ్డ ముంచి తుడిచి తుడిచి శుభ్రం చేశాక రెక్క మామూలుగా ఆడింది.

"ఇది దానంతటది పుట్టే బంక కాదు హైమా," అన్నాడు అతను, గుడ్డ వైపే చూస్తూ. "ఎవరో పూశారు."

వాళ్ళమ్మ చేసిన పులిహోర ఆ పూట హైమావతికి రుచించలేదు. ఎవరో పూశారు. అంటే ఇంట్లోవాళ్ళే. షెడ్డులోకి బయటివాళ్ళు రారు. కారు బాపట్ల నుంచి తెనాలి వైపు తిరిగిన దగ్గర్నుంచీ ఆమె బుర్రలో ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డారు. మొదట అత్తగారు రాజ్యలక్ష్మమ్మ. "ప్రతి ఆదివారం ఆ తిరుగుళ్ళేంటమ్మాయ్?" అని మొన్ననే అంది. కానీ ఆవిడకి బానెట్ ఎత్తడం వచ్చా? తరవాత లూకా. లూకా దగ్గరికొచ్చేసరికి ఇంకెవరూ అవసరం లేకపోయారు. అబ్బాయిగారు నడపడం బాగా నేర్చుకుంటే డ్రైవరుతో పనేముంది? శనివారం సాయంత్రం కారు చివరగా ముట్టుకునేది అతను. ఆదివారం రాడు. సోమవారం అతని చేతిలో కారు వెన్నలా ఉంటుంది. ప్రయోగం మూడు విధాల సరిపోయింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర మామగారు "కారు మళ్ళీ మొండికేసిందిటగా?" అని అడిగినప్పుడు, కార్బురేటర్‌కి ఎవరో బంక పూశారని సుబ్రహ్మణ్యం చెప్పాడు. ఆమె నోరు ఊరుకోలేదు.

"లూకా తోలిన రోజుల్లో మాత్రం వెన్నలా ఉంటుందిట మామయ్యగారూ."

ఆయన మజ్జిగన్నం కలుపుతున్న చెయ్యి ఆగింది. "అలాగా?" అన్నారు.

మర్నాడు లూకా కిరసనాయిలు గుడ్డతో ఇంజను తుడుచుకుని చేతులు కడుక్కోబోతుంటే వరండాలోకి పిలుపొచ్చింది. తలుపు చాటున హైమావతి.

"ఏమోయ్ లూకా, శనివారం కారు షెడ్డులో పెట్టేది నువ్వేనా?"

"నేనేనండి."

"ఆదివారం రావు."

"ప్రార్థనకి పోతానండి. తమరు మొదట్లోనే ఒప్పుకున్నారు గదండీ."

"అడిగిందానికే చెప్పు. నీ చేతిలో బాగుండే కారు మా అబ్బాయి చేతిలో ఎందుకు బిగుసుకుంటోంది?"

"నాకు తెలవదండి."

"కార్బురేటర్‌కి బంక ఎవరు పూశారు?"

లూకా తలెత్తి, మెట్ల దగ్గర నిలబడ్డ సుబ్రహ్మణ్యం వైపు ఒక్కసారి చూశాడు. వెంటనే తల దించుకున్నాడు. "నేను పూయలేదండి."

"మరెవరు?"

లూకా చేతిలోని గుడ్డని మడత పెట్టాడు.

"తెలీదా, చెప్పవా?"

"చెప్పడానికేం లేదండి."

ఆ చూపు, ఆ తల దించుకోవడం హైమావతి కూడా చూసింది. తప్పు చేసినవాడే అలా చూస్తాడనుకుంది. మామగారూ అలాగే అనుకున్నారు.

"శనివారం రేపల్లెలో కక్షిదారు పొలం చూడాలి. ఆ ప్రయాణం దాకా ఉండు. సాయంత్రం తాళం చెవి ఇచ్చి వెళ్ళు."

లూకా "సరేనండి" అన్నాడు. బతిమాలలేదు. అదొక్కటే హైమావతికి మింగుడు పడలేదు.

బుధవారానికి ఆ మాట గడప దాటింది. పాలు పోయడానికొచ్చిన కోటమ్మ చెంబు కింద పెడుతూనే, "లూకా మీ కారుకి బంక పూశాడంటగా అమ్మాయిగారూ! ఆళ్ళమ్మాయికి సంబంధం చూస్తన్నారు. ఇంకెవరిస్తారులే. బండి పాడుచేసినోడికి ఇంకో బండి ఎవరప్పజెప్తారు?" అంది. హైమావతికి చలిలో కూడా చెవులు వేడెక్కాయి. ఆ మాట మొట్టమొదట పుట్టింది తన నోట్లోనే.

"నువ్వన్నది అబద్ధం కాదుగా," అన్నాడు సుబ్రహ్మణ్యం గదిలో.

"అబద్ధం కాదండీ. కానీ నేను చూసి చెప్పింది కూడా కాదు. తారీఖులు కలిపి చెప్పాను."

శుక్రవారం అత్తగారు చేగోడీలు వండుతోంది. హైమావతి పక్కన కూర్చుని పిండి చుడుతూ, ఒకటి గుండ్రంగా వస్తే మురిసిపోతూ, ఒకటి వంకరపోతే చప్పున నలిపేస్తూ, కాసేపు అన్నీ మరిచిపోయింది. అత్తగారు బాణలి దించి పక్కన పెట్టాక దాని అంచు మీద కళ్ళు పడ్డాయి. గోధుమరంగు. అట్టకట్టి. గోటితో గీకింది. సాగింది.

"అత్తయ్యా, ఇదేంటి?"

"ఏముంది, నూనె కాగి కాగి బంకయింది. చింతపండు పెట్టి తోమినా వదలదు. దాన్నెందుకు గీకుతావు, గోళ్ళు పాడవుతాయి."

హైమావతి ఆ గోటిని మొహం దగ్గర పెట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. అదే బంక. ఎవరూ జిగురు పూయలేదు. నూనె పోశారు. ఇంజను వేడికి అది బాణలి అంచు మీదలా కాగి బంకయింది. కారు చెడాలనుకున్నవాడు ఇసక పోస్తాడు. నూనె పోసేది బాగుండాలనుకునేవాడే. ఎవరు?

"అత్తయ్యా, మీరెప్పుడన్నా కారుకి నూనె పెట్టారా?"

"నేనా? దసరాకి దానికి బొట్టు పెట్టడమే నాకు గొప్ప. ఏంటమ్మాయ్, అలా నిలదీస్తున్నావ్, మీ మామగారి గాలి సోకిందా?"

ఆ నవ్వు దొంగనవ్వు కాదు. అయినా హైమావతి ఇంకెవరినీ ఊరికే నమ్మదలచుకోలేదు, ఊరికే అనుమానించనూ దలచుకోలేదు. ఈసారి కళ్ళారా చూడాలి. శనివారం తెల్లవారుతూనే రెండు చీరలు బకెట్లో వేసుకుని, షెడ్డు కనపడేలా బావి పక్కన కూర్చుంది. ఉతికిన చీరనే మళ్ళీ ఉతుకుతోంది.

లూకా ఇంకా రాలేదు. వచ్చింది మామగారు.

ఆ ఇంట్లో శనివారం మగవాళ్ళకి తలంటు. ఒళ్ళంతా ఆముదం పట్టించుకుని, అది బాగా నానేదాకా పెరట్లో పచార్లు చేసి, తరవాత కుంకుడుకాయతో స్నానం చేస్తారు. వేంకటరాఘవయ్యగారు చిన్న అంగవస్త్రం చుట్టుకుని, నెత్తి మీంచి పాదాల దాకా నిగనిగలాడుతూ, ఎడమచేతిలో ఆముదం గిన్నెతో నడిచొచ్చారు. అటూ ఇటూ చూడను కూడా లేదు. తిన్నగా షెడ్డులోకి వెళ్ళి బానెట్ ఎత్తారు. దూదిని గిన్నెలో ముంచి, కార్బురేటర్ ఇరుసు మీద బొట్టు బొట్టుగా పిండారు. గిలక మీద, తలుపు బందుల మీద, ఉయ్యాల గొలుసుల మీద పోసినట్టే.

"ఏంటే, చలికి కీళ్ళు పట్టేస్తున్నాయా నీకూ?" అన్నారు కారుతో, ఎంతో అనునయంగా. "నా మోకాళ్ళూ అంతేనే. ఉండుండు, ఇంకాస్త పోస్తా."

హైమావతి తడిచీర నోట్లో కుక్కుకుంది. నవ్వు ఆగడం లేదు. ఆ వెంటనే లూకా గుర్తొచ్చి ఆ నవ్వు ఆగిపోయింది. ఆయన దాచిపెట్టి చేసింది కాదు. అందరినీ అడిగే మనిషిని అడిగినవాళ్ళే లేరు, అంతే.

పరుగున వెళ్ళి మొగుణ్ణి లేపి చెప్పింది. "మీరే చెప్పాలి."

సుబ్రహ్మణ్యం దుప్పటి గడ్డం దాకా లాక్కున్నాడు. "నేనా? నాన్నగారితోనా? చూసింది నువ్వు."

"మీరు కొడుకండీ!"

"అందుకే."

మామగారు స్నానం చేసి లూకాతో రేపల్లె వెళ్ళిపోయారు. పగలంతా హైమావతి ఒక్కో వాక్యం కూర్చుకుంది, చెరిపేసింది. కొత్తకోడలు మామగారిని నిలదీసిందని ఊరంతా చెప్పుకుంటారు. చెప్పుకోనీ. లూకా గురించి చెప్పుకున్నదాని కన్నా అదేం పెద్దది కాదు.

దీపాలు పెట్టే వేళకి కారు తిరిగొచ్చింది. లూకా దాన్ని షెడ్డులో పెట్టి, ఇంజను చల్లారేదాకా అక్కడే నిలబడి, చేత్తో దాని చెంప నిమిరినట్టు నిమిరి, వరండాలోకొచ్చి తాళం చెవి మామగారి ముందు బల్ల మీద పెట్టాడు.

"వెళ్ళొస్తానండి అయ్యగారూ."

"మామయ్యగారూ," అంది హైమావతి. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ఒక్కటడగొచ్చాండీ?"

ఆయన కళ్ళజోడు మీంచి చూశారు. "అడుగు."

"ఇవాళ పొద్దున మీరు ఒంటికి పట్టించుకోగా మిగిలిన ఆముదం ఏం చేశారండీ?"

"కారుకి పోశాను. చలికాలం మొదలైనప్పట్నుంచీ పోస్తున్నాను. దానికేం?"

సుబ్రహ్మణ్యం మెట్ల వైపు మొహం తిప్పుకున్నాడు. హైమావతి బాణలి సంగతి, బంక సంగతి, రెక్క సంగతి గబగబా చెప్పేసింది.

"ఆముదం పోస్తే బిగుసుకుంటుందా?" అన్నారు మామగారు. "దేశంలో బళ్ళన్నీ ఆముదం కందెనతోనే నడుస్తుంటే?"

"బండి ఇరుసు కాగదు మామయ్యగారూ. ఇది పొయ్యి మీదున్నట్టే. కొత్తగా పోసినప్పుడు జారుతుంది. ఒకసారి కాగి చల్లారాక బంకై పట్టేస్తుంది. ఇప్పుడు చల్లారింది. మీరే తొక్కి చూడండి."

ఆయన లేచి షెడ్డులోకి నడిచారు. వెనకే మిగతావాళ్ళు. ఇన్నేళ్ళలో డ్రైవరు సీట్లో ఎప్పుడూ కూర్చోని మనిషి, పంచె ఎగ్గట్టి కూర్చుని, పాదం పెట్టి తొక్కారు. పెడలు దిగలేదు. మళ్ళీ తొక్కారు. టక్కున దిగింది. పాదం తీశారు. అది అలాగే కింద ఉండిపోయింది. ఆయన వంగి దాన్ని చేత్తో పైకి లాగారు.

"సోమవారం నీ చేతిలో ఎందుకు బాగుంటుందోయ్ లూకా?" అన్నారు చివరికి. ఆ గొంతులో ప్లీడరు లేడు.

"సోమారం పొద్దున్నే కిరసనాయిలెట్టి తుడుస్తానండి. ఈ మధ్యన ప్రతి సోమారం అక్కడ ఏదో జిగట ఉంటందండి."

"మరి ఆ రోజు చెప్పలేదేం?"

లూకా ఇబ్బందిగా సుబ్రహ్మణ్యం వైపు చూశాడు. "చినబాబుగారు పుస్తకం చూసి ఏదో పోస్తన్నారనుకున్నానండి. తండ్రి ముందర కొడుకు మీద ఎట్టా చెప్తానండి?"

"నా మీదా!" అన్నాడు సుబ్రహ్మణ్యం.

హైమావతి ముందుకొచ్చింది. "లూకా, నీ మీద ఆ మాట మొదట అన్నది నేనే."

"తెలుసండి చినమ్మగారూ. వంటింట్లో మాట వాకిట్లోకి రాకుండా ఉంటదా?" అతను నవ్వలేదు, కోప్పడనూ లేదు. "మీరు నన్ననుకున్నారు. నేను బాబుగార్ని అనుకున్నా. చెల్లుకి చెల్లు."

వేంకటరాఘవయ్యగారు కారు దిగి, వరండాలోకి నడిచి, తాళం చెవి తీసుకొచ్చి లూకా ముందు చెయ్యి చాపారు. "తప్పు నాది. కోటమ్మతో నేనే చెప్తాను. బజారులో కూడా నేనే చెప్తాను. తీసుకో."

లూకా తీసుకోలేదు. "ఒక్కటడుగుతానండి."

"ఇవాళ అందరూ నన్నడిగేవాళ్ళే. అడుగు."

"షెడ్డుకి తాళం వేయించండి. ఆ చెవి కూడా నా దగ్గరే ఉంటది. శనారం పొద్దున మాత్రం తియ్యనండి."

మామగారు మొహం తుడుచుకున్నారు. "రాజ్యం, ఇంట్లో తాళమేదన్నా ఉందా?" అని కేకేయబోయి వెనక్కి తిరిగారు. రాజ్యలక్ష్మమ్మ అప్పటికే పెద్ద ఇత్తడి తాళం కొంగుతో తుడుస్తూ గుమ్మంలో నిలబడి ఉంది.

లూకా కారు తాళం చెవి అందుకుని, షెడ్డు మూసి, తాళం వేసి, రెండు చెవులూ చొక్కా జేబులో వేసుకున్నాడు. "రేపు ప్రార్థనయ్యాక వచ్చి తుడిచిస్తానండి చినబాబుగారూ. ఆ తరవాత మీ ఇష్టమొచ్చిన ఊరెళ్ళండి."

"మరి నేనేం చెయ్యనోయ్ శనివారం?" అన్నారు వేంకటరాఘవయ్యగారు, దిక్కుతోచనట్టు.

"తమరు శుభ్రంగా తలంటుకోండయ్యగారూ," అన్నాడు లూకా.